ప్లాస్టిక్‌లో రాతిపొడి



మీ ఇంట్లో విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఏదైనా ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక దాన్నుంచి బొటనవేలంత ముక్క తీసి బక్కెట్ నీళ్లలో వేయండి. ముక్కకు అంటుకున్న గాలిబుడగలు పోయేలా వేలితో అడుగుదాకా నొక్కి వదిలేయండి. అది పైకి తేలుతుందా, అడుగునే ఉండిపోతుందా చూడండి.

పెళ్లిళ్లలో, సభల్లో, ఇంటి వసారాల్లో మనం వేసుకునే ఆ కుర్చీలు చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో పోసినవి. 1954లో ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా ఈ ప్లాస్టిక్‌కు గట్టిదనం తెచ్చే దారి చూపించారు. 1963లో ఆయనకూ, జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక. లీటరు నీళ్లు కిలో తూగితే, అంతే పరిమాణం ఉన్న ఈ ప్లాస్టిక్ సుమారు 905 గ్రాములే తూగుతుంది. అంటే వేరే ఏదీ కలవని పాలీప్రొపిలీన్ నీళ్లలో మునగదు. మీ ముక్క మునిగిందంటే అందులో మరొకటి ఉంది. కుర్చీల విషయంలో ఆ మరొకటి సాధారణంగా రాయి. సున్నపురాయిని గోధుమపిండి కన్నా మెత్తగా విసిరి, కరిగిన ప్లాస్టిక్‌లో కలుపుతారు. బరువులో నూటికి పదిహేను పాళ్ల దగ్గరికి వచ్చేసరికి ముక్క నీళ్లలో మునగడం మొదలవుతుంది.

వ్యాపారంలో దీన్ని ఫిల్లర్ అంటారు. నింపడానికి వేసేది అని అర్థం. నేను ముప్పై ఏళ్లు ప్లాస్టిక్ గుళికలు తయారుచేసే కర్మాగారాల్లో పనిచేశాను. ఈ పేరు వినగానే జనం ముఖంలో ఒక అనుమానం కనిపిస్తుంది. "అయితే కల్తీ చేస్తారన్నమాట" అంటారు. ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల అనుమానానికి కారణం ఉంది. కానీ విషయం అంతటితో అయిపోదు.

మా బావగారి సంగతి చెబుతాను. నాలుగేళ్ల క్రితం వాళ్ల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఆయన కుర్చీలో వెనక్కి వాలగానే వెనుక కాలు ఫట్‌మని విరిగింది. తుంటి ఎముక చిట్లి మూడు నెలలు మంచం మీదే ఉన్నారు. నేను ఆ విరిగిన కాలు చేతిలోకి తీసుకుని చూశాను. మంచి పాలీప్రొపిలీన్ విరిగేముందు సాగుతుంది, వంగుతుంది, వంగిన చోట తెల్లబడుతుంది. ఇది అలా కాకుండా, సుద్దముక్కను చేత్తో విరిచినట్టు నిటారుగా తెగింది. తెగిన మొహం గరుగ్గా ఉంది. నీళ్లలో వేస్తే రాయిలా అడుగుకు పోయింది. బావగారు పడుకునే అడిగారు. "చేత్తో ఎత్తి చూసే కొన్నాను గదయ్యా, మంచి బరువుగా ఉంది గదా!"

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఇత్తడి బిందెనైనా, రాగి చెంబునైనా, కంచు గిన్నెనైనా మనం ఎత్తి చూసే కొంటాం. బరువుంటే సరుకుంటుంది. తరతరాల అనుభవం అది. లోహం విషయంలో ఆ లెక్క నిజం. ప్లాస్టిక్ దగ్గర మాత్రం అదే లెక్క తలకిందులవుతుంది, ఎందుకంటే ఇక్కడ బరువు పెంచేది రాయి. సున్నపురాయి సాంద్రత ప్లాస్టిక్‌కు మూడు రెట్లు. అందుకే ఎత్తి చూసే చేయి మోసపోతుంది.

ఇందులో తయారీదారు కూడా పొరబడే లెక్క ఒకటుంది. ప్లాస్టిక్ కొనేది కిలోల్లో. అచ్చును నింపేది మాత్రం పరిమాణం. ఒక అచ్చులో లీటరు సరుకు పడుతుందనుకుందాం. ఏమీ కలపకపోతే 905 గ్రాముల పాలీప్రొపిలీన్ కావాలి. బరువులో నూటికి 40 పాళ్లు సున్నపురాయి పొడి కలిపితే, అదే అచ్చులో సుమారు 1,235 గ్రాములు పడుతుంది. అందులో ప్లాస్టిక్ 740 గ్రాములు, రాయి 495 గ్రాములు. అంటే ఆదా అయిన ప్లాస్టిక్ 165 గ్రాములు మాత్రమే. నూటికి 40 పాళ్లు రాయి వేసి, నూటికి 18 పాళ్లే ఆదా చేశాం. లెక్క కోసం ప్లాస్టిక్ కిలో నూరు రూపాయలు, రాతిపొడి ఇరవై అనుకోండి. మొదటి వస్తువుకు తొంభై రూపాయల యాభై పైసలు, రెండోదానికి ఎనభై నాలుగు. తేడా ఆరున్నర రూపాయలు. పొడిని ప్లాస్టిక్‌లో కలిపి గుళికలు చేయడానికి అయ్యే ఖర్చు ఇంకా అందులోంచే పోవాలి. ఖర్చు తగ్గించుకోవడానికే రాయి కలుపుతున్నామనే వాళ్లలో చాలామంది ఈ లెక్క కాగితం మీద వేయరు.

మరి లాభం అంత తక్కువైతే రాయి ఎందుకు? అసలు కథ ఇక్కడే ఉంది.

పాలీప్రొపిలీన్‌కు రెండు లోపాలున్నాయి. ఒకటి, అది మెతక. పలుచగా పోస్తే భారానికి వంగిపోతుంది. రెండు, అచ్చులో చల్లారేటప్పుడు బాగా కుదించుకుపోతుంది. నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ల దాకా పొట్టిదవుతుంది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కుదించుకుంటే పలక మెలి తిరుగుతుంది. రాయి వేడికి అంతగా వ్యాకోచించదు, చల్లారితే అంతగా ముడుచుకోదు. అందుకని రాతిపొడి కలిసిన ప్లాస్టిక్ అచ్చులో చెప్పినట్టు వింటుంది. రాయి వేడిని త్వరగా బయటికి పంపుతుంది కూడా. దానివల్ల అచ్చు త్వరగా చల్లారి, గంటకు నాలుగు వస్తువులు ఎక్కువే వస్తాయి. రాయి బిగువు ప్లాస్టిక్ బిగువుకు పదుల రెట్లు. అందుకే కలిపిన పాళ్లను బట్టి వస్తువు వంగకుండా నిలబడుతుంది. కారు ముందుభాగంలో స్టీరింగ్ చుట్టూ ఉండే ఆ పెద్ద పలక మే నెల ఎండలో, అద్దాలు మూసిన కారులో కూడా వంకర పోకుండా ఉంటుందంటే అందులో రాతిపొడి పాలు పెద్దది.

అయితే ఏ రాయి? ఇక్కడ రాయి ఆకారమే అంతా నిర్ణయిస్తుంది. సున్నపురాయిని పొడి చేస్తే రేణువులు ఇంచుమించు గుండ్రని గులకరాళ్లలా వస్తాయి. బలపపు రాయిని పొడి చేస్తే రేకులు వస్తాయి. చిన్నప్పుడు మనం పలక మీద రాసిన బలపం, ముఖానికి అద్దుకునే టాల్కం పౌడరు, రెండూ ఆ రాయే. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో అది ఒకటో మెట్టు, అన్నిటికన్నా మెత్తనిది. అంత మెత్తని రాయి ప్లాస్టిక్‌ను ఎలా బిగిస్తుందని ఎవరికైనా సందేహం వస్తుంది. ఆ బిగువు దాని రేకుల ఆకారం వల్ల వస్తుంది. గుండ్రని రేణువు చుట్టూ ప్లాస్టిక్ సులువుగా జారిపోతుంది. రేకు అయితే వెడల్పుగా పరుచుకుని ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది, బరువును తనమీదకు లాక్కుంటుంది. 40 పాళ్లు బలపపు రాయి పొడి కలిపిన పాలీప్రొపిలీన్ బిగువు రెండింతలు దాటుతుంది. అదే పాళ్లలో సున్నపురాయి కలిపితే అంత రాదు. అభ్రకం రేకులు ఇంకా పలుచన, ఇంకా వెడల్పు. మన నెల్లూరు, గూడూరు వైపు దొరికే కాకిబంగారం అదే. రాజస్థాన్‌లో దొరికే వొలాస్టొనైట్ సూదుల్లా విరుగుతుంది. సూదులు ఒక దిక్కుకు తిరిగి ఉంటే ఆ దిక్కున బలం బాగా వస్తుంది.

పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గులకరాళ్లు కలపకుండా వరిగడ్డి కలిపేవారు. గోడ బీట వారకుండా పట్టి ఉంచేది పొడవైన గడ్డిపోచ అని మన పెద్దలకు తెలుసు. కారు బంపర్ చేసే ఇంజనీరు బలపపు రాయిని ఎంచుకోవడంలో ఉన్నదీ అదే తెలివి.

ఇక మెత్తదనం గురించి. ప్లాస్టిక్‌లో కలిపే మంచి సున్నపురాయి పొడి రేణువు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు ఉంటుంది. మన తలవెంట్రుక మందం డెబ్బై ఎనభై మైక్రాన్లు అనుకుంటే అదెంత చిన్నదో ఊహించండి. సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. అన్నమంతా మెత్తగా ఉన్నా పంటి కింద ఒక్క రాయి చాలు కదా. పొడిలో ఇరవై ముప్పై మైక్రాన్ల రేణువు ఒక్కటున్నా, కుర్చీ కాలు మీద దెబ్బ పడినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే పొడి కొనేటప్పుడు తెలిసినవాళ్లు సగటు పరిమాణం తరవాత, అన్నిటికన్నా పెద్ద రేణువు ఎంత అని అడుగుతారు. ధర ఒక్కటే అడిగేవాళ్ల దగ్గరికి నాసిరకం పొడి చేరుతుంది.

మెత్తని పొడికి ఇంకో ఇబ్బంది ఉంది. మరిగే నీళ్లలో పిండి ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టినట్టే అది కూడా ప్లాస్టిక్‌లో ఉండ కడుతుంది. పైగా రాయికి ప్లాస్టిక్ అంటే పడదు. ప్లాస్టిక్ నూనె జాతి, రాయి నీటితో చెలిమి చేసే జాతి. అందుకని పొడికి స్టియరిక్ ఆమ్లం పట్టిస్తారు. కందిపప్పుకు ఆముదం పట్టించినట్టే, నూటికి ఒక పాలు చాలు. ఆ పూత వల్ల రేణువులు ఒకదానికొకటి అంటుకోవు, ప్లాస్టిక్‌లో చక్కగా పరుచుకుంటాయి. ఇలా పూత పట్టిన సన్నని పొడి, సరైన పాళ్లలో కలిస్తే, దెబ్బకు తట్టుకునే గుణం తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది. దెబ్బ తగిలినప్పుడు లక్షల రేణువుల చుట్టూ ప్లాస్టిక్ కొద్దికొద్దిగా విడివడి, ప్రతిచోటా కాస్త సాగి, ఆ దెబ్బ బలాన్ని పంచుకుంటుంది. పూత లేని ముతకపొడి పాళ్లు మించి కలిస్తే జరిగేది వేరు. రాయి సాగదు. వస్తువు మొత్తం సాగాల్సిందంతా రేణువుల మధ్య ఉన్న కొద్ది ప్లాస్టిక్కే సాగాలి. అది తట్టుకోలేక తెగుతుంది. మా బావగారి కుర్చీలో జరిగింది అదే.

అందుకే రాయి ఉందా లేదా అని అడిగి ఊరుకుంటే ఏమీ తెలియదు. ఏ రాయి, ఎంత మెత్తగా, ఎన్ని పాళ్లు, ఏ వస్తువులో అని అడగాలి. ఈ నాలుగింటికీ జవాబు కొనేవాడికి దొరకనప్పుడే కల్తీ అనే మాట సరిపోతుంది.

రాయి లేకపోతే అసలు వీలుకాని వస్తువులున్నాయి. పసిపిల్లల డైపర్ వెనక ఉండే పలుచని పొర సంగతి చూడండి. తడి బయటికి రాకూడదు, లోపలి ఆవిరి మాత్రం బయటికి పోవాలి, లేకపోతే బిడ్డ చర్మం ఒరిసిపోతుంది. పాలిథిన్‌లో ఇంచుమించు సగం బరువు సున్నపురాయి పొడి కలిపి, పొర తీసి, దాన్ని సాగదీస్తారు. సాగేటప్పుడు ప్రతి రేణువు చుట్టూ ప్లాస్టిక్ విడిపోయి కంటికి కనపడని రంధ్రం ఏర్పడుతుంది. అవన్నీ కలిసి వంకర టింకర దారులవుతాయి. నీటిచుక్క వాటిలోంచి పోలేదు, ఆవిరి పోతుంది. దెబ్బ తగిలినప్పుడు బలాన్ని పంచే ఆ విడివడడమే ఇక్కడ బిడ్డ చర్మాన్ని కాపాడుతోంది. నా వృత్తి జీవితంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన విషయం మరొకటి లేదు.

ఆసుపత్రుల్లో, మెట్రో రైళ్లలో వేసే మంటలు పాకని కరెంటు తీగల పైపొరలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి నూటికి అరవై పాళ్ల దాకా ఉంటుంది. ఆ ఖనిజం తన బరువులో మూడోవంతు నీటిని తనలో దాచుకుని ఉంటుంది. వేడి 200 డిగ్రీలు దాటితే ఆ నీటిని వదులుతుంది. నిప్పు మొదలైన చోటే నీళ్లు పుడతాయి. పొగ తక్కువ, ఆమ్లపు పొగ దాదాపు ఉండదు.

రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. మనవాళ్లు దాన్ని ముగ్గురాయి అంటారు. దానిలో ఎక్కువ భాగం చమురుబావులు తవ్వేచోటికి పోతుంది. అది నీటికి నాలుగున్నర రెట్లు బరువు. ఆ బరువే శబ్దాన్ని అణచివేస్తుంది. పై అంతస్తులో నీళ్లు వదిలితే కింది అంతస్తులో చప్పుడు వినపడని డ్రెయిన్ పైపుల్లోనూ, కారు నేల కింద పరిచే పలకల్లోనూ బెరైటీస్ పొడి కలుపుతారు. అదే బేరియం సల్ఫేటును శుద్ధి చేసి కాథెటర్ గొట్టాల ప్లాస్టిక్‌లో కలిపితే, ఎక్స్‌రేలో ఆ గొట్టం ఒంట్లో ఎక్కడిదాకా వెళ్లిందో డాక్టరుకు తెల్లగా కనిపిస్తుంది. యూరియా బస్తాలు నేసే పట్టీల్లోనూ కొంత సున్నపురాయి పొడి ఉంటుంది, పట్టీ నిలువునా చీరి పీచు కాకుండా.

1980ల చివర్లో జపాన్‌లో టొయోటా పరిశోధనశాల వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఒక రకం బంకమట్టిని నానోమీటరు మందం పొరలుగా విడదీసి నైలాన్‌లో కలిపారు. కలిపింది నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. అయినా భారం కింద ఆ నైలాన్ వంగే ఉష్ణోగ్రత 65 డిగ్రీల దగ్గరనుంచి 140 దాటింది. మామూలు రాతిపొడితో ముప్పై నలభై పాళ్లు కలిపినా సులువుగా రాని ఫలితం చిటికెడు మట్టితో వచ్చింది.

ఇన్ని మేళ్లు చెప్పాను కనుక నష్టాలూ చెప్పాలి. పాత ప్లాస్టిక్‌ను మళ్లీ వాడుకునేచోట, ముక్కలన్నీ నీటితొట్టెలో వేసి వేరు చేస్తారు. తేలినవి పాలిథిన్, పాలీప్రొపిలీన్. మునిగినవి పీవీసీ, సీసాల ప్లాస్టిక్. రాయి ఎక్కువ కలిసిన పాలీప్రొపిలీన్ మునిగేవాటిలో పడి, ఆ పోగునూ పాడు చేస్తుంది. ఇంకొకటి, సున్నపురాయి కలిపినంత మాత్రాన ప్లాస్టిక్ సంచి మట్టిలో కలిసిపోదు. రాయి మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ ముక్కలై అక్కడే ఉంటుంది. ప్రకృతికి మంచిదంటూ అలాంటి సంచులు అమ్మడం నాకు తప్పుగా తోస్తుంది.

మూడోది మనుషుల సంగతి. బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతాల్లో ఈ రాళ్లను పొడికొట్టే మిల్లులున్నాయి. రాతిలో పలుగురాయి పాలు ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది. మూతికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. దుమ్మును పుట్టినచోటే పీల్చేసే యంత్రాలు పెట్టాలి, తగిన మాస్కులు ఇవ్వాలి, ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. మన ఇంటి కుర్చీ ధరలో ఆ కార్మికుడి ఊపిరి కూడా కలిసి ఉంది.

చివరగా రైతులకు ఒక మాట. మన ప్రాంతాల్లో బోరు నుంచి చేను దాకా నీరు తెచ్చేది పీవీసీ పైపు. మోటారు ఆగిన క్షణంలో నీరు వెనక్కి తన్నినప్పుడు, రాయి మించిన పైపు ఆ తాకిడికి నిలువునా పగులుతుంది. అప్పటికి పైపు మూడడుగుల లోతున ఉంటుంది, చేలో పైరు ఉంటుంది. నీటి సరఫరా పీవీసీ పైపులకు ఐ.ఎస్. 4985 అనే భారత ప్రమాణం ఉంది. దాని ప్రకారం పైపు సాంద్రత 1.40 నుంచి 1.46 మధ్య ఉండాలి. లెక్క కడితే, సున్నపురాయి నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లు దాటితే ఆ గీత దాటినట్టే. పీవీసీ ఎలాగూ నీళ్లలో మునుగుతుంది కాబట్టి బక్కెట్ పరీక్ష ఇక్కడ చెల్లదు. కాల్చి చూసే పని అసలే పెట్టుకోవద్దు, ఆ పొగ ఆమ్లపు పొగ.

దానికి బదులు ఇలా చేయండి. పైపు ముక్కలు కోసి, బంగారం తూచే త్రాసులో సరిగ్గా 100 గ్రాములు తూయించండి. గీతలున్న కొలతజాడీలో నీళ్లు పోసి, మట్టం గుర్తు పెట్టుకుని, ఆ ముక్కలు అందులో వేయండి. గాలిబుడగలు లేకుండా కదపండి. నీటిమట్టం 68 నుంచి 71 మిల్లీలీటర్లు పెరగాలి. 60 దగ్గరే ఆగిపోయిందంటే ఆ పైపులో రాయి బాగా ఎక్కువ. అనుమానం వస్తే హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ప్లాస్టిక్‌లను పరీక్షించే సీపెట్ సంస్థ ప్రయోగశాలలున్నాయి, అక్కడ పరీక్ష చేయించవచ్చు. కందకం పూడ్చకముందే ఈ పని చేయండి. దుకాణదారుడి దగ్గర ప్రమాణం సంఖ్య రాసిన బిల్లు అడిగి తీసుకోండి.